కాలవ గట్టు వైపు బంతి

మొన్నొక సాయంత్రం తెనాలి బస్టాండు దగ్గర టీ కొట్లో కూచున్నాను. గోడకున్న టీవీలో క్రికెట్ మ్యాచ్ నడుస్తోంది. పక్క గుళ్ళో హారతి గంటలు మొదలవగానే కొట్టతను టీవీ గొంతు పూర్తిగా తగ్గించేశాడు. బెంచీల మీద పదిమంది దాకా ఉన్నాం. బౌలరు పరుగెత్తుకు రావడం కనిపిస్తూనే ఉంది, బంతి ఎటు పోయిందో కనిపిస్తూనే ఉంది, కింద స్కోరు మారుతూనే ఉంది. అయినా రెండు ఓవర్లు గడిచేసరికి అందరూ ఇబ్బందిగా కదలడం మొదలుపెట్టారు. గంటలు ఆగీ ఆగగానే ఓ పెద్దాయన, "కాస్త సౌండు పెట్టు నాయనా, ఏమీ కనపడట్లా" అన్నాడు.

వినపడట్లేదనాల్సిన చోట కనపడట్లేదన్నాడు. పొరపాటున అన్నాడేమో. ఆ మాటే పట్టుకుని ఇంటికొచ్చాను.

ఆట చూడ్డానికి కళ్ళు ఒక్కటే చాలవు కాబోలు. పక్కన ఎవరో ఒకరు చెబుతూ ఉండాలి. మా చిన్నతనంలో అసలు కళ్ళకు పనే లేదు. ఆట ఎక్కడో జరిగేది, ట్రాన్సిస్టరు సైకిల్ షాపులో ఉండేది, మేం దాని చుట్టూ ఉండేవాళ్ళం. అందులోంచి వచ్చేది ఒకసారి ఇంగ్లీషు, ఒకసారి హిందీ. మాకు రెండూ అంతంతే. మధ్యలో మా వీధి అన్నయ్య ఉండేవాడు.

పేరు రాయను. రాస్తే ఎందుకొచ్చిన గొడవరా అంటాడు. అప్పట్లో తెనాలిలో బీకాం చదువుతూ కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో లెఫ్ట్ అవుట్ ఆడేవాడు. ఎడమ గీత వెంబడే పరుగెత్తి, గోలు ముందుకు బంతి అందించడం ఆ ఆటగాడి పని. అందుకున్నవాడు గోలు కొడితే జనం వాణ్ణి భుజాల మీదికెత్తుకుంటారు. అందించినవాడు గీత పక్కన నడుము మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ నిలబడతాడు. అన్నయ్యను తలుచుకుంటే నాకు ముందు ఆ బొమ్మే గుర్తొస్తుంది.

నాగార్జున విశ్వవిద్యాలయం 1976లో వచ్చింది. అంతకుముందు మన వైపు కాలేజీలన్నీ ఆంధ్ర విశ్వవిద్యాలయం కిందే ఉండేవి. జట్టు ఎంపిక అంటే వాల్తేరు పోవలసిందే. అన్నయ్య ఒకసారి రాత్రి బండికి వెళ్ళాడు. మూడో రోజు పొద్దున అరుగు మీద కూచుని బూట్లకంటిన మట్టి పుల్లతో గీకుతుంటే చూశాం. ఏమైందని ఎవరం అడగలేదు. ఆ మరుసటేడు డిగ్రీ అయిపోయింది. ఉద్యోగం, పెళ్ళి. బూట్లు అటక మీదికెక్కాయి.

మన ఊళ్ళలో ఎక్కువమందికి ఆట వదిలిపోయే వయసు అదే. ఇరవై, ఇరవై రెండు. ఎవరూ చెప్పి మాన్పించరు. ఒక ఆదివారం పనిబడి వెళ్ళం, తరవాతి ఆదివారం ఇంకో పని. మూడో నెలకి మన స్థానంలో ఎవరో ఆడుతుంటారు. అంత నిశ్శబ్దంగా పోతుంది.

కానీ అన్నయ్య దగ్గర గొంతు మిగిలింది.

1975 మార్చి 15 నాకు బాగా గుర్తు. కౌలాలంపూరులో హాకీ ప్రపంచకప్పు ఫైనల్, పాకిస్తాన్ మీద మనవాళ్ళు. రేడియోలో హిందీ వంతు వచ్చినప్పుడు జస్‌దేవ్ సింగ్ గొంతు వరద కాలవలా ఉరికేది. అన్నయ్య హిందీ ప్రచార సభ పరీక్షలు రాశాడు గనక ఆ వరదకు అడ్డం పడగలిగేవాడు. ట్రాన్సిస్టరు చెవికి ఆనించుకుని, ఒక్క వాక్యం వెనకగా మాకు తెలుగులో చెప్పేవాడు. తమాషా ఏమిటంటే మాట కన్నా ముందు అతని ముఖం చెప్పేసేది. రేడియోలో జనం హోరు లేచేది, మేమంతా ఊపిరి బిగబట్టి అతని కనుబొమల వంక చూసేవాళ్ళం. అవి పైకి లేస్తే మనది. ముడిపడితే వాళ్ళది.

ఇంకో సంగతి. ఆ కౌలాలంపూరు మైదానాన్ని అన్నయ్య మా మైదానం మీదికి తెచ్చేవాడు. మాకు లెఫ్ట్ వింగూ రైట్ వింగూ ఏం తెలుస్తాయి? మేం ఆడుకునే స్థలానికి ఒక పక్క కాలవ గట్టు, ఇంకో పక్క రైస్ మిల్లు గోడ. ఒక గోలు వెనక చింతచెట్టు, ఇంకో గోలు వెనక బడి. "బంతి కాలవ గట్టు వైపు పోతోందిరోయ్. మనవాడు లాక్కున్నాడు. మిల్లు గోడ వైపు కొట్టాడు. చింతచెట్టు దగ్గర ఇద్దరే ఉన్నారు..." అనేవాడు. ధ్యాన్‌చంద్ కొడుకు అశోక్ కుమార్ ఆ రోజు గెలుపు గోలు కొట్టింది మా లెక్కలో చింతచెట్టు వైపు. 2-1. ఇప్పటికీ ఆ ఫైనల్ మాటొస్తే నాకు కౌలాలంపూరు కనపడదు. చెట్టు మొదట్లో రాలిన చింతాకు కనపడుతుంది.

ఇది మా వీధి వింత అనుకునేవాణ్ణి. చాలా ఏళ్ళకు, రేడియో తొలినాళ్ళ గురించి చదువుతుంటే ఆశ్చర్యమేసింది. 1927 జనవరి 15న ఇంగ్లండు, వేల్స్ జట్ల రగ్బీ ఆటను బీబీసీ మొదటిసారిగా మైదానం నుంచే ప్రసారం చేసింది. సరిగ్గా వారానికి, 22న, ఆర్సెనల్, షెఫీల్డ్ యునైటెడ్ ఫుట్‌బాల్ మ్యాచ్. రెండింటికీ మైకు ముందు కూచున్నది వేకలమ్ అనే ఆయన. హార్లెక్విన్స్ క్లబ్బుకు రగ్బీ ఆడి మానేసినవాడు. వినేవాళ్ళకు మైదానం ఎలా తెలుస్తుందని ఆలోచించి, రేడియో టైమ్స్ పత్రిక దాని పటాన్ని ఎనిమిది గళ్ళుగా గీసి, అంకెలు వేసి అచ్చేసింది. వేకలమ్ ఆట చెబుతుంటే పక్కనుంచి ఇంకొకాయన బంతి ఏ గడిలో ఉందో అంకె చెబుతుండేవాడు. ఇళ్ళలో జనం ఆ కాగితం ముందేసుకుని విన్నారు.

వాళ్ళకు ఎనిమిది గళ్ళు. మాకు కాలవ గట్టు, మిల్లు గోడ, చింతచెట్టు, బడి.

అదే ఉదంతంలో ఇంకో ముక్క ఉంది, నాకు మరీ ఇష్టమైనది. ఎలా చెప్పాలో ఎవరికీ తెలియని పని గనక, ఆ రగ్బీ ఆటనాడు చూపు లేని ఒకాయన్ని తెచ్చి వేకలమ్‌కు దగ్గరగా కూచోబెట్టారట. లక్షలమందిని తలుచుకుని బెదిరిపోకు, ఈయనకు చెబుతున్నట్టు చెప్పు చాలు అని. కళ్ళకు కట్టినట్టు చెప్పడం అని మనం ఎప్పుడూ అనే మాటే. అక్కడ నిజంగానే ఒక మనిషి కళ్ళ కోసం చెప్పారు.

మన గడ్డ మీద ఇలా కాలేజీ మైదానం నుంచి మైకు దాకా నడిచినవాళ్ళలో పెద్ద పేరు హర్షా భోగ్లేది. మరాఠీ కుటుంబం. పుట్టింది హైదరాబాదులో, 1961లో. తండ్రి ఫ్రెంచి ప్రొఫెసరు, తల్లి మనస్తత్వశాస్త్రం చెప్పిన అధ్యాపకురాలు. ఉస్మానియాలో కెమికల్ ఇంజనీరింగ్ చదువుతూ హైదరాబాదు ఎ డివిజన్ లీగులో ఆడారు. విశ్వవిద్యాలయాల మధ్య జరిగే రోహింటన్ బారియా క్రికెట్ పోటీలో ఉస్మానియా తరఫున దిగారు. ఆయన ఆట అక్కడితో ఆగింది. మాట మాత్రం 19 ఏళ్ళకే హైదరాబాదు ఆకాశవాణిలో మొదలైంది. తరవాత అహ్మదాబాదు ఐఐఎంలో చదువు, ప్రకటనల కంపెనీలో ఉద్యోగం. 1991-92లో మన జట్టు ఆస్ట్రేలియా వెళ్ళినప్పుడు అక్కడి ఏబీసీ రేడియో ఆయన్ని వ్యాఖ్యానానికి పిలిచింది. అప్పటికి నిండా ముప్ఫై ఒకటి లేవు.

దేశానికి ఆడలేదు కదా అన్న మాట ఆయన వెనకాల ఎప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది. నాకు మాత్రం ఆయన గొంతులో దగ్గరగా అనిపించేది అదే. ఫోరు పోతే మనలాగే ముచ్చటపడతారు. కుర్రాడెవరో మొదటి మ్యాచ్‌కు టోపీ అందుకుంటుంటే ఆయన గొంతు ఒక్క పిసరు మెత్తబడుతుంది. ఆ టోపీ దాకా రాకుండా ఎంతమంది ఆగిపోతారో తెలిసిన మనిషి గొంతు అది. నా ఊహే కావచ్చు. కానీ విన్నప్పుడల్లా నాకు అరుగు మీద బూట్ల మట్టి గీకుతున్న అన్నయ్యే గుర్తొస్తాడు.

టెస్టుల దాకా వెళ్ళినవాళ్ళ కథ ఇంకోలా ఉంటుంది. మన గుంటూరు ఎం.ఎస్.కె. ప్రసాద్ వికెట్ కీపరు. 1999లో న్యూజీలాండ్ మీద మూడు టెస్టులు, ఆ వెంటనే ఆస్ట్రేలియాలో మూడు. మొత్తం ఆరు. అడిలైడ్, మెల్‌బోర్న్, సిడ్నీ మూడుచోట్లా మన జట్టు ఓడింది, ఆయన టెస్టుల లెక్క అక్కడే నిలిచిపోయింది. తరవాత ప్రధాన సెలెక్టరయ్యారు. కానీ మా అమ్మకు అవేవీ అక్కర్లేదు. 2018 చివర్లో తెలుగుకే ప్రత్యేకంగా ఒక స్పోర్ట్స్ చానెల్ వచ్చాక ఆవిడ క్రికెట్ చూడటం నేర్చుకుంది. "ఆ చెప్పే అబ్బాయి మన గుంటూరు వాడేనటగా" అంది ఒకరోజు చిక్కుళ్ళు ఈనె తీస్తూ. గుంటూరులోనే పుట్టిన అంబటి రాయుడు కూడా ఆట మానేశాక మైకు పట్టారని చెబితే, "ఇద్దరూ మనవాళ్ళే అన్నమాట" అని తృప్తిగా బుట్ట పక్కన పెట్టింది.

నిజం చెప్పాలంటే మొదట్లో ఆ తెలుగు నా చెవికి కొత్తగా ఉండేది. స్కూల్లో ఎప్పుడూ ప్యాంటూ చొక్కాల్లో చూసిన మాస్టార్ని పంచెలో చూసినట్టు. వినగా వినగా అలవాటైంది. ఇప్పుడు వంటింట్లో ఉన్న అమ్మ, "అయ్యో, అవుటయ్యాడా" అని అక్కణ్ణుంచే అంటుంది. డెబ్భై ఏళ్ళ పాటు ఆ ఇంట్లో ఆట మగవాళ్ళ గొడవగా ఉండిపోయింది. భాష మారేసరికి గడప దాటి లోపలికొచ్చింది.

గొంతు విలువ మన ప్రాంతానికి కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. స్థానం నరసింహారావు 1902లో బాపట్లలో పుట్టారు. మైకులు సరిగా లేని రోజుల్లో, ఆడవేషం కట్టి, చివరి చాప మీద కూచున్నవాడికి కూడా సత్యభామ అలక వినపడేలా చేసిన మనిషి. తెనాలి పక్కనున్న మోరంపూడి నుంచి వచ్చిన జగ్గయ్య సినిమాల్లో స్థిరపడక ముందు ఢిల్లీ రేడియోలో తెలుగు వార్తలు చదివారు. ఆ గొంతుకు కంచు అని పేరు. ఇలాంటి నేల మీద ఫుట్‌బాల్‌కు మాత్రం తెలుగు గొంతు దొరకలేదే అని నాకు ఒక చిన్న వెలితి.

మనకు ఆట లేక కాదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయి రోవర్స్ కప్పు ఎత్తుకొచ్చింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తికి బడిపంతులు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం సెమీఫైనల్ ఆడిందన్నా, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారం తెచ్చిందన్నా ఆయన చలవే. సికింద్రాబాదు అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ రెండుచోట్లా ఉన్నాడు. తెలుగునేల నుంచి వెళ్ళిన ఆ పాదాల కథను అప్పుడు తెలుగులో వినిపించే గొంతు ఉండి ఉంటే, కాలవ గట్టున ఇంకో పదిమంది పిల్లలు ఆడేవారేమో. 2022 మార్చి 20 రాత్రి గోవాలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ గెలిచినప్పుడు, పెనాల్టీల్లో గోల్‌కీపరు కట్టిమణి మూడు ఆపేస్తుంటే నేను ఇంట్లో ఒక్కణ్ణే లేచి నిలబడ్డాను. పక్కన చెప్పుకోడానికి మనిషి లేడు. అన్నయ్యకు ఫోన్ చేశాను. "ఏ వైపు దూకాడురా, మూడూ?" అనడిగాడు. గెలిచారా అని అడగలేదు.

ఆ అన్నయ్య ఇప్పుడు బాపట్లలో కూతురి దగ్గరుంటున్నాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ చుట్టుపక్కల ఊళ్ళలో ఎక్కడ టోర్నమెంటు జరిగినా మైకు అతనిదే. కబడ్డీ, వాలీబాల్, బాల్ బ్యాడ్మింటన్, ఏదైనా సరే. చందాదారుల పేర్లు చదువుతూ, తప్పిపోయిన పిల్లాడి చొక్కా రంగు చెబుతూ, మధ్యలో ఆట చెప్పేవాడు. రేడియో వాళ్ళకు దరఖాస్తు రాసి, పోస్టు చేయకుండా పెట్టెలో దాచుకున్నానని చాలా ఏళ్ళ తరవాత ఒకసారి నాతో అన్నాడు. ఎందుకని నేనడగలేదు. వాల్తేరు సంగతి కూడా అడగలేదుగా.

కిందటి నెల చూసొద్దామని బయల్దేరాను. నేనుండేది రేపల్లెలో. పొద్దున ప్యాసింజరెక్కాను. నా ఎదుటి సీట్లో నలుగురు కుర్రాళ్ళు, మోకాళ్ళ దాకా ఎండిన మట్టి. ముందురోజు ఆడిన మ్యాచ్ సంగతి ఒకడు మిగతా ముగ్గురికీ చెబుతున్నాడు. ముగ్గురూ ఆడినవాళ్ళే! అయినా నోరు తెరుచుకుని వింటున్నారు. డబ్బాలో సగంమంది అటే చెవి పెట్టారు. పూలబుట్ట పెట్టుకున్న ఒకావిడ, "తరవాతేమైంది బాబూ" అని కూడా అంది. చెప్పేవాడు సీటు మీంచి లేచి, రెండు చేతులూ చాపి, "ఇంక ఒక్కటే పెనాల్టీ ఉంది. మావోడు బంతి పెట్టాడు, నాలుగడుగులు వెనక్కేశాడు..." అంటుండగా భట్టిప్రోలు వచ్చేసింది. అరే దిగండ్రా అని నలుగురూ దూకేశారు. బండి కదిలింది. పూలావిడ కిటికీలోంచి తొంగిచూసి, నా వంక చూసి, నవ్వి ఊరుకుంది.

తెనాలిలో బండి మారి బాపట్ల చేరేసరికి పదకొండు దాటింది. అన్నయ్య పంచె కట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. నీటికాసులట, కంటిచూపు బాగా తగ్గింది. దగ్గరివి నీడల్లా తెలుస్తాయి, దూరం ఆనదు. సాయంత్రం ఆటోలో సూర్యలంక వెళ్ళాం. తడి ఇసకలో కుర్రాళ్ళు చెప్పులు గోలు స్తంభాలుగా పెట్టి ఫుట్‌బాల్ ఆడుతున్నారు. అరుపులు విని అన్నయ్య ఆగిపోయాడు.

"బంతి ఎటుందిరా?"

నాకు ఒక్క క్షణం మాట రాలేదు. యాభై ఏళ్ళ పాటు అతను చెబితే విన్నవాణ్ణి. తడబడుతూ మొదలుపెట్టాను. "కుడివైపు... కాదు, అలల వైపు పోతోంది అన్నయ్యా. ఎర్రచొక్కా వాడు తీసుకున్నాడు..."

"అలలొద్దు. కాలవ గట్టు అను."

కాలవ గట్టు అన్నాను. సరుగుడు తోపు వైపు మిల్లు గోడ అయింది. చింతచెట్టూ బడీ కూడా కుదిరాయి. "ఎర్రచొక్కా వాడు బంతి ఆపాడు" అంటే, "ఏ కాలితో?" అన్నాడు. ఏ కాలితో ఆపాడో నేను చూడలేదు. "అది చూడాల్రా ముందు. ఏ కాలితో ఆపాడో తెలిస్తే ఎటు తిరుగుతాడో తెలుస్తుంది." తరవాతిది జాగ్రత్తగా చూసి చెప్పాను. ఎడమ కాలితో. తల ఊపి, "మిల్లు గోడ వైపే వస్తాడు చూడు" అన్నాడు. అటే వచ్చాడు.

చీకటి పడి కుర్రాళ్ళు చెప్పులు తొడుక్కున్నాక మేమూ లేచాం. ఆటో దాకా నడుస్తూ పొద్దున రైల్లో సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. భట్టిప్రోలు దగ్గరికొచ్చి ఆగిపోయాను.

"ఆ పెనాల్టీ ఏమైంది?"

"తెలీదన్నయ్యా. బండి కదిలింది."

"అడక్కుండా ఎలా ఊరుకున్నావురా! కిటికీలోంచి కేకేస్తే చెప్పేవాళ్ళుగా."

ఆటో ఎక్కాక కాసేపు మాట్లాడలేదు. కోపమొచ్చిందేమో అనుకున్నాను. బాపట్ల దీపాలు కనపడుతుండగా గొంతు సవరించుకున్నాడు. నా మోచెయ్యి పట్టుకుని, డ్రైవరుకు కూడా వినపడేలా మొదలుపెట్టాడు. "నాలుగడుగులు వెనక్కేశాడన్నావు కదూ. చూడు, ఇప్పుడు పరుగెత్తుకొస్తున్నాడు. గోల్‌కీపరు మిల్లు గోడ వైపు ఒరిగాడు..."